కింద పెట్టిన ఫింజాను

ఆ వేసవి మా ఊరు ఉమ్ సిద్ర్‌లో సాయంత్రం పూట ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. కరువొచ్చి కాదు, ఎన్నికలొచ్చి. మేయరు పదవికి నిలబడ్డ ధియాబ్ పెట్రోలు బంకు పక్క ఖాళీ జాగాలో పెద్ద గుడారం వేయించి, రోజూ గొర్రెల్ని కోయించి మన్సఫ్ పెట్టించేవాడు. పెద్ద పెద్ద పళ్ళేల్లో అన్నం, దాని మీద మాంసం, ఆ పైన పుల్లటి పెరుగు పులుసు. పళ్ళెం చుట్టూ నిలబడి, ఎడంచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో ముద్ద చుట్టి నోట్లో వేసుకోవడమే మన పని. తర్వాత వేడివేడి కనాఫా మిఠాయి. మా ఆవిడ ఆ నెలంతా గ్యాసు బండ మార్చలేదు. ఆవిడ వాటా ఒక గిన్నెలో పట్టించుకుని నేనే ఇంటికి తెచ్చేవాణ్ణి.

ధియాబ్‌వి నీళ్ళ ట్యాంకర్లు. మా ఊళ్ళో కుళాయి వారానికోసారి వస్తుంది. కొండ మీది నుంచి దిగే పాత గొట్టం ఎక్కడెక్కడ పగిలిందో గానీ, సగం నీళ్ళు దారిలో భూమే తాగేస్తుంది. మిగతా రోజులకు ధియాబ్ ట్యాంకరే దిక్కు. గొట్టం బాగైతే ఆ ట్యాంకర్లు మూలపడతాయి. గొట్టం బాగు చేయించాల్సిన కుర్చీలోనే ఆయన కూర్చోవాలనుకుంటున్నాడు. గొర్రెలకు పెట్టిన డబ్బు ఆ కుర్చీలోంచే రాబట్టుకుంటాడని కూడా అందరికీ తెలుసు. తెలిసే తినేవాళ్ళం. నోట్లో ముద్ద పెట్టుకుని గొట్టం గురించి ఎవడు మాట్లాడతాడు?

మాట్లాడింది నౌఫా ఒక్కతే. ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కొడుకు పేరు కలిపి అందరూ ఉమ్ హాజిమ్ అంటారు. ఊళ్ళో తల్లులైన ఆడవాళ్ళలో సగం మందికి ఆవిడ బెత్తం దెబ్బలు ఇంకా గుర్తే. గెలిస్తే మొదటి పని గొట్టం అని చెప్పి ధియాబ్ మీద నిలబడింది. ఇంటి ముందు చిన్న పందిరి వేసి, వచ్చినవాళ్ళకు చేదు కాఫీ, రెండు ఖర్జూరాలు ఇచ్చేది. ఓట్లయ్యేదాకా తన ఇంట ఎవరికీ భోజనం లేదని, తన పెన్షన్‌తో ఊరిని కొనలేనని, కొన్నా ఎక్కడ దాచుకోవాలో తెలియదని చెప్పిందట.

ఊరంతా నవ్వింది. ఉమ్ హాజిమ్ కాఫీ తాగితే నిద్ర పట్టదు, అబూ రకాన్ మన్సఫ్ తింటే మెలకువ రాదు అని కుర్రకారు పాట కట్టారు. అబూ రకాన్ అంటే ధియాబే. గడప తొక్కినవాడికి ముద్ద పెట్టకపోవడం మాలో చిన్న తప్పు కాదు. పిసినారి అన్న పేరు ఆవిడనే కాదు, పోయిన ఆవిడ భర్తను కూడా వదల్లేదు. అయినా ఆ పందిట్లో ఆడవాళ్ళు రోజురోజుకీ పెరిగారు. ట్యాంకరు వాడికి ఫోను చేసి బతిమాలుకునేది ఇంట్లో వాళ్ళే కదా.

అప్పుడు ధియాబ్ నన్ను పిలిపించాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు పొలం లేదు, మంద లేదు, నాలుక ఉంది. పెళ్ళి కుదరాలన్నా, కొట్టుకున్న రెండిళ్ళు కలవాలన్నా మాలో పెద్దమనుషులంతా కలిసి అవతలి ఇంటికి వెళ్తారు. దాన్ని జాహా అంటాం. అందరూ గంభీరంగా కూర్చుంటే నోరు విప్పేవాడు ఒకడుండాలి. మా వైపు ఆ ఒకడు నేనే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరి సంగతేమో గానీ, నా పొట్ట మాత్రం నిండింది.

జాహాలో అసలు పని చేసేది మాట కాదు, కాఫీ. ఇంటివాళ్ళు ఫింజాను, అంటే పిడి లేని చిన్న కాఫీ గిన్నె, నింపి ఇస్తారు. వెళ్ళినవాళ్ళ పెద్ద దాన్ని తాగకుండా కింద పెడతాడు. ఇంటాయన 'తాగండి, మీరొచ్చిన పని అయినట్టే' అంటేనే ఎత్తుతాడు. అనకపోతే కాఫీ చల్లారుతుంది. ఫింజాను చల్లారిన ఇల్లు అన్న పేరు మనవల కాలానికి కూడా చెరిగిపోదు. పేరున్నవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కుతారు. వచ్చినవాళ్ళు ఏం అడగబోతున్నారో వినకుండానే అయినట్టే అనేస్తారు. విని ఇచ్చేవాడు వర్తకుడు, వినకుండా ఇచ్చేవాడు దొర అని మా పెద్దల మాట. ఆ మాట విని చెడినవాళ్ళను నేను కొందరిని చూశాను. అయినా మా ఊళ్ళో వర్తకుడనిపించుకోవడానికి ఎవడూ ఒప్పుకోడు.

ధియాబ్ ఆలోచన తేలికగానే ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక పెద్దలందరితో ఉమ్ హాజిమ్ ఇంటికి జాహా వెళ్ళాలి. ఫింజాను కింద పెట్టి, పోటీలోంచి తప్పుకోమని అడగాలి. మాట్లాడేది నేను. కాదనడం ఆవిడ తరం కాదు. ఓట్లు లెక్కపెట్టే అవసరం లేకుండానే పని ముగుస్తుంది.

జాహా వస్తున్నట్టు ముందుగా కబురు పెట్టాలి గనక నేనే వెళ్ళాను. ఆవిడ పందిట్లో ఒక్కతే కూర్చుని ఖర్జూరాలకు దుమ్ము దులుపుతోంది. నాకు కాఫీ పోసింది. విషయం ఏమిటో నేను చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. తాను కాదంటే ఏమవుతుందని మాత్రం అడిగింది. చల్లారుతుందమ్మా అన్నాను. వచ్చే నెల హాజిమ్ పెళ్ళి. పెళ్ళికూతురి వాళ్ళది కరక్ దగ్గర పట్టింపులున్న కుటుంబం. చల్లారిన ఇంటికి వాళ్ళు పిల్లనివ్వరని నాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. తప్పుకుంటే గొట్టం పోతుంది, తప్పుకోకపోతే కొడుకు పెళ్ళి పోతుంది. ఆవిడ ముఖం చూస్తే నాకు జాలేసింది. జాలికి నాకెవరూ డబ్బివ్వరు గనక లేచాను.

గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"బాబాయ్, ఆడది జాహా తీసుకెళ్ళకూడదని ఎక్కడైనా ఉందా?"

"ఉందని నేను వినలేదమ్మా. వెళ్ళిందని కూడా వినలేదు."

"వినకపోతే ఏంలే. లేదుగా, అది చాలు."

ఈ మాట నేను ధియాబ్‌కు చెప్పలేదు. ఆయన నన్నడగలేదు కూడా.

గురువారం, ఎండ చల్లబడ్డాక, గుడారం కిటకిటలాడుతోంది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా వచ్చారు. నేను ధియాబ్ పక్కనే, మొదటి పళ్ళెం దగ్గర నిలబడ్డాను. వెన్నుపూస దగ్గరి మాంసం మెత్తగా ఉంది. ఇంతలో గుడారం అంచున సందడి తగ్గిపోయింది. తలెత్తి చూస్తే ఉమ్ హాజిమ్. ఆవిడ వెనక నల్లటి బట్టల్లో ఊరి ఆడవాళ్ళు. మా ఆవిడ కూడా వాళ్ళలో ఉంది. పొద్దున నాతో ఒక్క ముక్క అనలేదు.

ధియాబ్ ముఖం వెలిగిపోయింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు. రేపు తాను వెళ్ళి అడగాల్సింది ఈవిడే వచ్చి ఇచ్చిపోతోంది, తప్పుకున్నందుకు బదులుగా హాజిమ్‌కు మునిసిపాలిటీలో ఉద్యోగమేదో అడుగుతుంది, అంతేగా అని లెక్కవేసుకున్నాడు. అలా నాతో తర్వాత ఆయనే చెప్పాడు. ఆయన కొడుకు రకాన్‌కూ అదే తోచింది. వెంటనే ఫోను తీసి, ఊరంతా ఇళ్ళల్లో కూర్చుని చూసేలా లైవ్ పెట్టాడు.

ఆడవాళ్ళకు చాపలు వేశారు. ధియాబ్ స్వయంగా కాఫీ కూజా, దల్లా, అందుకుని పోశాడు. ఉమ్ హాజిమ్ ఫింజాను తీసుకుని, తన ఎదురుగా చాప మీద పెట్టింది.

మాట్లాడేవాడిగా అప్పుడు నా పని ఒకటుంది. యజమాని తొందరపడుతుంటే చాటుగా ఆయన చెయ్యి లాగాలి. ముందు విను అని దానర్థం. నా తండ్రి నాకు నేర్పిన మొదటి విద్య అది.

ధియాబ్ చుట్టూ చూశాడు. ఇంతమంది, కొడుకు చేతిలో ఫోను, ఎదురుగా ఊరి పంతులమ్మ. ఛాతీ పొంగింది.

"తాగు అక్కా. నువ్వొచ్చిన పని అయినట్టే. నా కళ్ళడిగినా ఇచ్చినట్టే."

ఆవిడ ఫింజాను ఎత్తలేదు.

"నీ ఇల్లు చల్లగా ఉండాలి, అబూ రకాన్. అయితే విను. ఇప్పట్నించి ఓట్ల పెట్టె మూసేదాకా నీ డబ్బు గానీ, నా డబ్బు గానీ, మనవాళ్ళ డబ్బు గానీ ఎవరి నోట్లోకీ పోకూడదు, ఎవరి జేబులోకీ పోకూడదు, ఎవరి మిద్దె మీది ట్యాంకులోకీ పోకూడదు. నీ పొయ్యి ఆర్పేయి. నువ్వూ కాఫీయే పొయ్, నేనూ కాఫీయే పోస్తా. ఒట్టి మాటల్తో నిలబడదాం. ఇదే నేనడిగేది."

అప్పుడు ఫింజాను ఎత్తి తాగింది. చాలన్నట్టు అటూ ఇటూ ఊపి తిరిగి ఇచ్చింది.

నమిలేవాళ్ళు నమలడం ఆపారు. ఒకతను చేతిలో చుట్టిన ముద్దను నోటి దాకా తెచ్చి, తినొచ్చో లేదో తెలియక అలాగే పట్టుకున్నాడు. చివరికి ఎవరో వెనక నుంచి, వడ్డించేసింది లెక్కలోకి వస్తుందా అని మెల్లగా అడిగారు. ధియాబ్ ముఖంలో రంగు పోయింది గానీ గొంతు పోలేదు.

"వడ్డించింది తినండి. పొయ్యి మీదున్నది దించెయ్యండి."

జనం వెళ్ళాక రకాన్ మండిపడ్డాడు. ఆడవాళ్ళ జాహా జాహానే కాదన్నాడు. అయినా రేపు మనం వెళ్ళి ఫింజాను పెడదాం, తప్పుకోమందాం, ఆవిడ గొంతులో మాట ఆవిడకే అడ్డుపడుతుందన్నాడు. ధియాబ్ నా వైపు తిరిగాడు. ఈ విషయంలో మాత్రం నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఈరోజు ఇచ్చి రేపు అడిగితే అది బేరం అబూ రకాన్. రేపటికి నువ్వు దొరవి కాదు, కొట్టువాడివి."

శుక్రవారం జాహా ఆగిపోయింది. అందరూ లేచాక ధియాబ్ నన్ను ఒక్కణ్ణే ఆపాడు.

"నా చెయ్యెందుకు లాగలేదు బాబాయ్?"

"నా చెయ్యి పళ్ళెంలో ఉంది నాయనా."

నేను మూతి తుడుచుకున్నాను.

మర్నాటి నుంచి గుడారం బోసిపోయింది. కసాయివాడు ఉమ్ హాజిమ్‌ను తిట్టాడు, బియ్యం వ్యాపారి తిట్టాడు. ఆవిడ వెనక గుడారానికి నడిచిన మా ఆవిడ కూడా గ్యాసు బండకు డబ్బిస్తూ తిట్టింది. తిట్టి, మళ్ళీ ఆ పందిట్లోకే వెళ్ళి కూర్చుంది. వాళ్ళ లోపలి సంగతులు మనకర్థం కావు.

కొన్నాళ్ళకు మగవాళ్ళు తిరిగి రావడం మొదలుపెట్టారు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? గుడారంలో నీడుంది, కాఫీ ఉంది. అయితే ఇదివరకు మల్లే కాదు. ఇదివరకు నోళ్ళకు పని ఉండేది. ఇప్పుడు ఖాళీ నోళ్ళు. ఖాళీ నోరు ఊరికే ఉండదు. ఒకరోజు మేకలు కాచుకునే ముసలాయన ఒకడు ఫింజాను తాగి, మీసం తుడుచుకుని, గొట్టం బాగైతే నీ ట్యాంకర్లేం చేస్తావు అబూ రకాన్ అని మామూలుగా అడిగాడు. ఆ నెలంతా ఆ గుడారంలో ఆ ప్రశ్న వినబడడం అదే మొదటిసారి.

ధియాబ్ నా వైపు చూశాడు. ఆయన నోరు నేనే కదా. నేను మా పూర్వీకుల దగ్గర మొదలుపెట్టి, కరువు కాలంలో వాళ్ళు బావులు తవ్విన కథ చెప్పి, ఒంటెల మీద నీళ్ళు మోసిన కథ దాకా వచ్చాను. ముసలాయన అంతా శ్రద్ధగా విన్నాడు.

"మాట బాగుంది బాబాయ్. నీళ్ళ సంగతి చెప్పు."

అందరూ నవ్వారు. నా వృత్తిలో నాకంత అవమానం ఎప్పుడూ జరగలేదు. నాకు కోపం రావాలి గానీ ఎందుకో రాలేదు. ఆ ప్రశ్న మాత్రం గుడారంలోంచి పోలేదు. రోజూ ఎవడో ఒకడు అడిగేవాడు. చూద్దాం అని ధియాబ్ రోజూ అనేవాడు.

ఎన్నికల ముందురోజు రకాన్ ఇంకో దారి కనిపెట్టాడు. దాయాదుల కుర్రాళ్ళ చేత ఇంటింటికీ డబ్బు కవర్లు పంపుదాం, మీరు మాటిచ్చింది పొయ్యి సంగతే కదా అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ధియాబ్ కొడుకును కొట్టలేదు గానీ, కొట్టినంత పని చేశాడు.

"జేబు అని కూడా అంది. ఊరంతా విన్నారు. వినిపించింది నీ ఫోనే కదరా."

నేను ధియాబ్‌ను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. డబ్బు విషయంలో ఆయన మంచివాడని ఎప్పుడూ అనను. కానీ ఆ రోజు ఆయన ముఖంలో, మాట తప్పని ఆయన తండ్రి కనబడ్డాడు.

ఓట్లు వేశారు. నేను ఎవరికి వేశానో మా ఆవిడకు చెప్పలేదు. ఆవిడ నన్నడగనూ లేదు, గ్యాసు బండ సంగతే మాట్లాడింది. సాయంత్రానికి ధియాబ్ గెలిచాడని తేలింది.

దొంగచాటుగా అయినా ఏదో ఒకటి పంచుతాడని ఊరంతా చివరిదాకా ఎదురుచూసింది. పంచలేదు. వంట కూడా ఆపి మాట నిలబెట్టుకున్న మగాడని పేరొచ్చింది. అన్నం తిని కూడా ఓటు వెయ్యకూడదనుకున్నవాళ్ళు, ఆయన అన్నం పెట్టడం మానేశాక వేశారు. నాకు బాధేసింది. ఎవరి కోసమని అడిగితే చెప్పలేను గానీ, రొట్టె సగంలో వదిలేసి లేచాను.

హాజిమ్ తల్లి మీద విరుచుకుపడ్డాడట. గుడారంలో తిండి పెట్టి ఓట్లు కొంటున్నవాణ్ణి దొరను చేసింది నువ్వే అన్నాడట. ఆవిడ శాంతంగానే చెప్పిందని మా ఆవిడ నాకు చెప్పింది. మన్సఫ్‌తో గెలిచి ఉంటే ఆ ఖర్చంతా మన నెత్తిన రుద్ది రాబట్టుకునేవాడు, ఇప్పుడేం ఖర్చు పెట్టాడని రాబట్టుకుంటాడు అందట. ఓడిపోయిన మనిషి మాటలు ఇవి. విని మా ఆవిడ ఏడ్చింది. నౌఫా ఏడవలేదట.

మర్నాడు మధ్యాహ్నం గుడారంలో పొయ్యిలు తిరిగి వెలిగాయి. గెలిచినవాడు ఊరికి పెట్టడం తప్పదు. పెట్టె మూశారు గనక మాట కూడా తీరిపోయింది. ఇన్నాళ్ళ ఆకలితో జనం విరగబడ్డారు. పళ్ళేలు వచ్చాయి. ఇంకా ఎవరూ చెయ్యి పెట్టకముందే ఉమ్ హాజిమ్ వచ్చింది, వెనక ఆడవాళ్ళు. శుభాకాంక్షలు చెప్పడానికే వచ్చింది, చెప్పింది కూడా. ధియాబ్ లేచి చాప వేయించి, మర్యాదగా కాఫీ పోశాడు.

ఆవిడ ఫింజాను అందుకుని కింద పెట్టింది.

ఈసారి ఒక్క రకాన్ ఫోను కాదు, గుడారంలో ప్రతివాడి ఫోనూ లేచింది. ధియాబ్ నవ్వాడు. నవ్వు నిజమైనదే.

"ఈసారి ముందు నువ్వు చెప్పక్కా. ఒకసారి చెయ్యి కాలింది."

"గొట్టం" అంది ఆవిడ.

గోల పెట్టలేదు, వాదించలేదు. బడిలో పిల్ల లెక్క చేసేదాకా ఆగినట్టు కూర్చుంది. ఎదురుగా మేకల ముసలాయన పళ్ళెం దగ్గర నిలబడ్డాడు, అతని కుడిచెయ్యి కూడా ఇంకా వీపు వెనకే ఉంది. ఫింజాను మీది ఆవిరి పల్చబడుతోంది. ట్యాంకర్లన్నీ గుడారం బయటే, బంకు గోడ పక్కన వరసగా నిలబడి ఉన్నాయి. ధియాబ్ వాటి వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

కాదనడానికి పెద్దమనుషులకు మాటలుంటాయి. చూద్దాం, ఆలోచిద్దాం, దేవుడి దయ. నేను చెయ్యి లాగితే ఆయన వాటిలో ఒకటి అనేవాడు. నా చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి. అది ఆయనకూ కనబడుతోంది. నేను పళ్ళెం వైపు చూస్తూ నిలబడ్డాను.

"తాగు అక్కా" అన్నాడు ధియాబ్. "చల్లారిపోతుంది."

"అయినట్టేనా?"

"అయినట్టే."

ఆవిడ తాగి, ఫింజాను ఊపి ఇచ్చింది. అప్పుడు నేను పళ్ళెంలో చెయ్యి పెట్టాను.